షెడ్డులో నిలిచిపోయిన పాత ట్రాక్టర్‌ని ఇంటిల్లిపాదీ కలిసి మళ్లీ నడిపించడం ఎలా

సేద్యం చేసే ఇళ్లలో చాలాచోట్ల షెడ్డు మూలన ఒక పాత ట్రాక్టర్ ఉంటుంది. పెద్దవాళ్లు కొన్నది. కొత్త బండి వచ్చాక పక్కకు జరిగింది, దాని మీద గోతాలు, పైపులు, విరిగిన పనిముట్లు వచ్చి చేరాయి. పాత ఇనుముకు అమ్మేయడానికి మనసొప్పదు, బాగుచేయడానికి తీరిక చిక్కదు. ఈ ఏడాదైనా ఆ పని పెట్టుకుందామని మీకు అనిపిస్తుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, దేని తర్వాత ఏది చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా డీజిల్ ట్రాక్టర్ల గురించి. అందులోనూ కంప్యూటర్లు, సెన్సర్లు లేని, పానా పట్టుకుంటే విప్పగలిగే కాలం నాటి వాటి గురించి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజన్ దుమ్ముకీ తుప్పుకీ చాలావరకు తట్టుకుంటుంది గానీ, మొదటిరోజు మన తొందరకు తట్టుకోలేదు. "బ్యాటరీ పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం" అన్న ఆ ఒక్క నిమిషంలోనే కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీలు) వంగుతాయి, పిస్టన్ రింగులు విరుగుతాయి, డీజిల్ పంపు పట్టేస్తుంది. స్టార్ట్ చేయడం ఈ పనిలో దాదాపు చివరి మెట్టు. ముందున్న మెట్లన్నీ చేత్తో, కంటితో, చెవితో చేసేవి. వాటిని ఇంట్లో అందరికీ పంచవచ్చు.

ముందు ఇంట్లో మాట్లాడండి

బండి దగ్గరికి వెళ్లే ముందు దాన్ని నడిపిన మనిషి దగ్గరికి వెళ్లండి. నాన్నగారో తాతగారో పెదనాన్నో, ఎవరైతే వాళ్లు. అడగాల్సిన మొదటి ప్రశ్న: "దీన్ని ఎందుకు ఆపేశారు?" నడుస్తూ ఉండగానే కొత్తది కొన్నామని పక్కన పెట్టారంటే మీ అదృష్టం. "నీళ్లు తాగేస్తుండేది" అంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే పొర) గానీ లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) గానీ అనుమానించాలి. "పొద్దున పూట ఎంతకీ స్టార్టయ్యేది కాదు" అంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే బలం) తగ్గిందో, ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) అరిగాయో చూసుకోవాలి. "గేరు జారిపోయేది" అంటే ఇంజన్ బాగున్నా ముందు ముందు గేర్ బాక్స్ ఖర్చు ఉంటుందని అర్థం. ఈ ఒక్క జవాబుతో మీకు వారాల వెతుకులాట తప్పుతుంది.

వీలైతే ఆ పెద్దాయన్ని షెడ్డులోకి తీసుకొచ్చి సీటు మీద కూర్చోబెట్టండి. ఇంట్లో కూర్చుని అడిగితే గుర్తురానివి అక్కడ గుర్తొస్తాయి. స్టీరింగ్ పట్టుకోగానే ఎడమ కాలు క్లచ్ మీదికి పోతుంది, చెయ్యి తనంతట తానే ఆపే కడ్డీ దగ్గరికి పోతుంది. "ఇది కొంచెం పక్కకి తిప్పి లాగాలి, తిన్నగా లాగితే రాదు" లాంటి మాటలు ఏ పుస్తకంలోనూ దొరకవు. పక్కన నిలబడి అవన్నీ రాసుకోండి. బండి పేరు మీదే ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ రోజు ఏం విప్పారో, ఏ ఆయిలు ఎంత పోశారో, ఏ నంబరు ఫిల్టర్ వేశారో అందులోనే ఉండాలి. తర్వాత మీ పిల్లలు ఈ బండి పని చేయాల్సి వస్తే చేతికి అందేది ఆ పుస్తకమే.

డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఇంటి లెక్కలు చూసేవాళ్లతో కూర్చుని, ఈ ఏడాది ఇంతకు మించి పెట్టమని ఒక హద్దు అనుకోండి. పంట పని ఉన్న రోజు ఈ బండి జోలికి పోకూడదు. నడుస్తున్న ట్రాక్టర్ నుంచి సామాను విప్పి దీనికి పెట్టకూడదు. ఈ రెండు నియమాలూ పాటిస్తే ఇంట్లో ఎవరికీ ఈ పాత బండి మీద విసుగు రాదు. పాత యంత్రాల మీద ఇష్టం ఉన్నవాళ్లం మనం ఆ ఇష్టంలో పడి గంటలు మర్చిపోతాం. మన వాటా పనులు అప్పుడు ఇంకొకరి మీద పడతాయి. అందుకే ఇది అందరి పనిగా మొదలవ్వాలి.

పిల్లలకు ఇవ్వదగ్గ పనులు బోలెడు. ఫొటోలు తీయడం, విప్పిన బోల్టుల్ని డబ్బాల్లో వేసి పేర్లు అతికించడం, నోట్‌బుక్ రాయడం, గ్రీజు నిపుళ్లు (గ్రీజు ఎక్కించే చిన్న మొనలు) ఎన్ని ఉన్నాయో వెతికి లెక్కపెట్టడం. ఆ చివరి పని పిల్లలే బాగా చేస్తారు, బండి కిందికి మనకంటే సులువుగా తొంగిచూస్తారు గనక. అయితే జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవర్నీ పోనివ్వకండి. పాత రంగు గీకే పని కూడా పిల్లలకు వద్దు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అలాగే పాత క్లచ్ ప్లేట్లలో, బ్రేక్ లైనింగుల్లో, కొన్ని గాస్కెట్లలో ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకూడదు, చీపురుతో ఊడ్చకూడదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. పెద్దవాళ్లు కూడా మాస్క్ పెట్టుకోవాలి.

నంబరు ప్లేటు, ఫొటోలు, పానాలు

ఏదీ విప్పకముందే బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీయండి. వైర్లు ఎటు పోతున్నాయి, డీజిల్ పైపులు ఏ క్రమంలో ఉన్నాయి, స్ప్రింగులు ఏ కన్నంలో తగిలించి ఉన్నాయి, ఇవి దగ్గర నుంచి తీయాలి. తర్వాత సీరియల్ నంబరు ప్లేటు వెతకండి. ఒకే మోడల్లో కూడా ఏడాదికీ ఏడాదికీ ఇంజన్, పంపు, బ్రేకులు మారిపోతుంటాయి. సామాను కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చెబితే సరిపోదు, ఆ నంబరు చెప్పాలి. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. బోల్టు ఎంత బలంతో బిగించాలి (టార్క్), ఆయిలు ఏ గ్రేడు, వాల్వ్ గ్యాప్ ఎంత అనేవి మాన్యువల్ చెప్పినట్టే చేయాలి. ఈ మూడింటిలో ఎవరి నోటి మాటా నమ్మొద్దని నా గట్టి అభిప్రాయం.

పానాల గురించి ఒక హెచ్చరిక. ఇంగ్లండ్‌లో, అమెరికాలో తయారైన పాత బండ్లకు చాలావరకు అంగుళాల కొలత బోల్టులే ఉంటాయి. తల ముప్పావు అంగుళం ఉన్న బోల్టుకు 19 మిల్లీమీటర్ల పానా చక్కగా పడుతుంది. దాంతో అన్నీ అలాగే పడతాయనుకుంటాం. కానీ బోల్టు తల అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా పెడితే కొంచెం వదులుగా ఉంటుంది, బోల్టు తుప్పుపట్టి బిగిసి ఉంటే మూలలు కొట్టుకుపోయి గుండ్రంగా తయారవుతుంది. ఇక దాన్ని విప్పడం ఒక పూట పని. ఒక అంగుళాల సెట్టు కొనుక్కోండి. బిగిసిన బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే నూనె ముందురోజు సాయంత్రమే కొట్టి పెట్టండి, తెల్లారేసరికి సగం పని అయి ఉంటుంది.

ఇంజన్ చేత్తో తిరుగుతోందా?

అన్నిటికన్నా నిదానంగా చేయాల్సింది ఇదే. బ్యాటరీ ఇంకా పెట్టకూడదు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. ఎయిర్ క్లీనర్ పైపు విప్పి, పొగగొట్టం మూత తీసి టార్చి వేసి చూడండి. ఎలుకల గూళ్లు, కందిరీగల మట్టి గూళ్లు ఎక్కువగా దొరికేది ఈ రెండు చోట్లే. వాటిని పూర్తిగా తీసేయకుండా ఇంజన్‌ని తిప్పితే ఆ చెత్తంతా సిలిండర్‌లోకి పోతుంది.

తర్వాత ఇంజెక్టర్లు తీయాలి. తీసే ముందు వాటి చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్‌తో, డీజిల్ గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఆ మట్టి పలుకు ఒక్కటి కన్నంలో పడినా లైనర్ మీద గీత పడుతుంది. పైపులు విప్పగానే రెండు కొసలకూ శుభ్రమైన మూతలు పెట్టండి. ఇంజెక్టర్ పైకి వచ్చాక దాని అడుగున రాగి వాషర్ ఉందో లేదో చూడండి. లేకపోతే అది కన్నంలోనే ఉండిపోయినట్టు. చాలామంది దాన్ని గమనించకుండా పైన ఇంకో కొత్త వాషర్ వేస్తారు. అప్పుడు ఇంజెక్టర్ సరిగ్గా కూర్చోదు, పక్కనుంచి గ్యాసు లీకవుతుంది, ఇంజన్ టుక్ టుక్‌మని కొట్టుకుంటుంది. కన్నంలో టార్చి వేసి, సన్నటి కొక్కెంతో పాత వాషర్ బయటికి తీశాకే ముందుకు వెళ్లండి.

ఇంజెక్టర్లు తీసిన కన్నాల్లోంచి ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల పలచటి నూనె పోసి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాత ముందున్న క్రాంక్ పుల్లీ నట్టుకు పొడవాటి పానా పెట్టి మెల్లగా తిప్పండి. సాధారణంగా ఇంజన్లు ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. కొంచెం బరువుగా అయినా తిరిగిందంటే చాలా మంచి సంగతి. తిరిగేటప్పుడు కన్నాల్లోంచి నూనె పైకి చిమ్ముతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి.

ఇంజెక్టర్లు తీయకుండా నూనె పోసి తిప్పితే ఏమవుతుందంటారా? గాలి నొక్కితే నలుగుతుంది, నూనె నలగదు. పిస్టన్ పైకి వచ్చేసరికి ఆ నూనెకు పోయే దారి ఉండదు, బలమంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగుతుంది. రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి దిగినా ఇదే ప్రమాదం. అందుకే ఎన్నాళ్ల నుంచి నిలిచిందో తెలియని ఇంజన్‌ని ఇంజెక్టర్లతోనే సెల్ఫ్ కొట్టకూడదు.

అసలు తిరగకపోతే రింగులు లైనర్‌కి పట్టేసి ఉంటాయి. అప్పుడు ఆటోమేటిక్ గేర్ ఆయిలు, అసిటోన్ సమంగా కలిపి పోసి రోజూ కొంచెం కొంచెం నింపుతూ ఓ వారమైనా ఆగండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, చుట్టుపక్కల బీడీ, వెల్డింగ్ ఏవీ ఉండకూడదు. తర్వాత టాప్ గేరులో వేసి, దిమ్మలు తీసి, ఇద్దరు వెనక చక్రాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాలి. వెంట్రుకవాసి కదిలినా చాలు, మర్నాడు ఇంకొంచెం కదులుతుంది. ఇంకో ట్రాక్టర్‌కి గొలుసు కట్టి లాగడం మాత్రం వద్దు. అంత బలం పెడితే ఏదో ఒకటి విరగక మానదు. వారాలు ఓపిక పట్టినా కదలకపోతే హెడ్ విప్పాల్సిందే. అది తెలిసిన మెకానిక్ పక్కన ఉండి చేయాల్సిన పని.

ఇంజన్ తిరుగుతోంది అన్నాక రాకర్ కవర్ (పైన వాల్వుల మీదుండే మూత) విప్పండి. ఒకరు పుల్లీ తిప్పుతుంటే ఇంకొకరు వాల్వులు చూడాలి. ప్రతి వాల్వూ కిందికి దిగి, తిరిగి పైకి రావాలి. క్రాంక్ రెండు సార్లు పూర్తిగా తిరిగేసరికి అన్ని వాల్వులూ ఒక్కోసారి పని చేసి ఉంటాయి. దిగిన వాల్వు పైకి రాకుండా ఉండిపోతే ఆపేసి దాని కాడ మీద నూనె వేసి, చెక్క సుత్తితో స్ప్రింగు రిటైనర్ (స్ప్రింగును పట్టి ఉంచే బిళ్ల) మీద మెల్లగా తట్టండి. ఈ పనికి పదేళ్లు దాటిన పిల్లలు మంచి జోడీ. వాళ్ల కళ్లు చురుకైనవి, పైగా ఇంజన్ అసలెలా ఊపిరి తీస్తుందో కళ్లారా చూసే అవకాశం ఇంత బాగా మళ్లీ రాదు.

ఆయిలు, నీళ్లు, గాలి

చాన్నాళ్లు కదలని బండిలో నీళ్లు ఆయిలు అడుక్కి చేరి ఉంటాయి. డ్రెయిన్ బోల్టు పూర్తిగా తీయకుండా వదులు చేసి, ముందుగా ఏది వస్తుందో చూడండి. కొంచెం నీళ్లు వచ్చి ఆ తర్వాత నల్లటి ఆయిలు వస్తే షెడ్డు చెమ్మే కారణం కావచ్చు. ఆయిలు మొత్తం పాల టీ రంగులో ఉంటే, లేదా నీళ్లు ధారగా వస్తే రేడియేటర్ నీళ్లు లోపలికి దిగుతున్నాయని. అప్పుడు స్టార్ట్ చేయాలన్న ఆలోచన పక్కన పెట్టి ముందు ఆ లీకు వెతకాలి.

ఆయిలు ఫిల్టర్ మార్చేటప్పుడు గిన్నె పై గాడిలో ఉన్న పాత రబ్బరు రింగు పిన్నీసుతో తీసి కొత్తది వేయండి. పాతది ఉండగా కొత్తది వేస్తే స్టార్టయిన నిమిషంలో ఆయిలంతా నేల పాలవుతుంది. గేర్ బాక్స్, హైడ్రాలిక్, స్టీరింగ్ బాక్స్ ఆయిళ్లు కూడా ఇదే రోజు చూసేయండి.

రేడియేటర్‌లో నీళ్లు పోసి ఒక రాత్రి వదిలేస్తే లీకులు వాటంతటవే బయటపడతాయి. హోస్ పైపులు నొక్కి చూడండి, పగుళ్లు కనిపిస్తే ఆలోచించకుండా మార్చేయండి.

పాత బండ్లలో ఎయిర్ క్లీనర్ ఎక్కువగా ఆయిలు గిన్నె రకం. గిన్నెలో అడుగున పేరుకున్న మడ్డి కడిగి, లోపలి తీగ జాలీ డీజిల్‌లో జాడించి ఆరబెట్టి, గిన్నెలో గీత ఉన్నంతవరకే కొత్త ఆయిలు పోయాలి. గీత దాటకూడదు. ఎక్కువైతే ఇంజన్ ఆ ఆయిలునే లోపలికి పీల్చుకుని ఇంధనంలా మండించుకుంటుంది. అప్పుడు మీరు డీజిల్ ఆపినా ఇంజన్ ఆగదు, వేగం పెరిగిపోతూనే ఉంటుంది.

డీజిల్, గాలి బుడగలు

ట్యాంకులో పాత డీజిల్ ఉంటే వాసన చూడండి. వార్నిష్ వాసన వస్తుంటే అడుగున జిగురు, నీళ్లు, నల్లటి నాచులాంటి పొరలు ఉంటాయి. మొత్తం ఖాళీ చేసి, ట్యాంకు విప్పి కడిగి ఆరబెట్టడమే మంచిది. కొత్త డీజిల్ దాని మీదే పోసి సరిపెట్టుకుంటే రోజూ ఫిల్టర్ మార్చుకుంటూ కూర్చోవాలి. రోటరీ రకం పంపుల్లో లోపలి భాగాలకు కందెన కూడా డీజిలే. అందులో నీళ్లు కలిస్తే పంపు లోపల తుప్పుపట్టి పట్టేస్తుంది, ఆ రిపేరు బండి మొత్తంలోకెల్లా ఖరీదైనది. ఫిల్టర్లు కొత్తవి వేయండి, రబ్బరు పైపులు మార్చండి. ఇంజెక్టర్లు ఎలాగూ బయటే ఉన్నాయి గనక పంపులూ నాజిళ్లూ చూసే చోటికి పంపి స్ప్రే సరిచూపించుకోండి. ఇక్కడ పెట్టిన డబ్బు తర్వాత స్టార్టింగ్‌లోనూ పొగలోనూ కనిపిస్తుంది.

ఇంజెక్టర్లు కొత్త రాగి వాషర్లతో బిగించాక ఎయిర్ తీయాలి. ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా ఎక్కడ గాలి బుడగ ఉన్నా ఇంజన్ అందుకోదు. క్రమం ఎప్పుడూ ట్యాంకు వైపు నుంచే. ముందు ఫిల్టర్ మీదున్న ఎయిర్ స్క్రూ వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ తోడే ఫీడ్ పంపు చేతి మీటను కొడుతూ ఉండండి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత ఒక్క బుడగ కూడా లేకుండా డీజిల్ ధార. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజెక్టర్లకు డీజిల్ పంపే పెద్ద పంపు మీది స్క్రూలు, అదే పద్ధతి. చేతి మీట కొట్టినా ఏమీ కదలకపోతే కంగారుపడకండి, ఫీడ్ పంపు క్యామ్ పైకొచ్చి ఆగి ఉంటుంది. ఇంజన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. చివరగా ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు ఒక్క చుట్టు వదులు చేసి ఉంచాలి. అక్కడి గాలి సెల్ఫ్ కొట్టినప్పుడు పోతుంది.

ఇంజెక్టర్ దగ్గర డీజిల్ 100 బార్లకు పైగా ఒత్తిడితో వస్తుంది. లీకు ఉందేమోనని వేలు పెట్టి చూడకూడదు. ఆ సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లి "డీజిల్ లోపలికి పోయింది" అని చెప్పాలి. లీకు చూడడానికి అట్ట ముక్క వాడండి.

మొదటి స్టార్ట్

అన్నిటికన్నా ముందు, ఆపే కడ్డీ. చాలా పాత డీజిల్ బండ్లలో తాళంచెవి తీసేస్తే ఇంజన్ ఆగదు. ఒక తీగ లాగితే పంపు దగ్గర డీజిల్ కట్టవుతుంది, అప్పుడే ఆగుతుంది. ఏళ్ల తరబడి వాడని ఆ తీగ గొట్టంలో తుప్పుపట్టి బిగిసి ఉంటుంది. ఒకరు పైన లాగుతుంటే ఇంకొకరు పంపు దగ్గర నిలబడి చిన్న మీట పూర్తిగా కదులుతోందో, వదిలితే వెనక్కి వస్తోందో చూడండి. ఇది సరిగ్గా పనిచేసేదాకా స్టార్ట్ మాట ఎత్తొద్దు. ఎయిర్ క్లీనర్ పైపు తీసి, ఇంజన్ గాలి పీల్చే నోటికి సరిగ్గా సరిపోయే చెక్క పలక ఒకటి చేతికందేలా పెట్టుకోండి. ఇంజన్ అదుపు తప్పి వేగం పెరిగితే ఆ నోటి మీద పలక అడ్డం పెడితే గాలి లేక ఆగుతుంది. అరచేయి మాత్రం అడ్డం పెట్టకూడదు.

బ్యాటరీ కలిపే ముందు ఏ కొస బండి బాడీకి పోతోందో చూడండి. కొన్ని పాత బ్రిటిష్ ట్రాక్టర్లలో పాజిటివ్ కొస బాడీకి ఉంటుంది. అలవాటుగా తిప్పి కలిపితే డైనమో చార్జింగ్ దెబ్బతింటుంది. బాడీకి పోయే వైరు ఎప్పుడూ చివర కలపాలి, విప్పేటప్పుడు ముందు విప్పాలి.

బండిని ఆరుబయట పెట్టండి. అగ్నిమాపక సిలిండర్ గానీ, రెండు బకెట్ల ఇసుక గానీ దగ్గర ఉంచండి. పిల్లలు కనిపించేంత దూరంలో, ఒక పెద్దవాళ్ల పక్కన నిలబడాలి. ఎవరు సీటు మీద, ఎవరు పలక దగ్గర, ఎవరు ఆయిలు మీటరు చూడాలి అన్నది ముందే చెప్పుకోండి. సీటు మీద కూర్చునే అవకాశం బండిని ఎరిగిన పెద్దాయనకే ఇవ్వాలని నేనంటాను.

ముందు ఆపే కడ్డీ లాగి పట్టుకునే సెల్ఫ్ కొట్టండి. డీజిల్ వెళ్లదు, ఇంజన్ తిరుగుతుంది, ఆయిలు పైకి చేరుతుంది. ఒక్కోసారి 10 సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు సెల్ఫ్ మోటారును చల్లారనివ్వాలి. ఆయిలు ప్రెషర్ ముల్లు కదిలాక కడ్డీ వదిలి, యాక్సిలరేటర్ సగం పెట్టి కొట్టండి. ఇంజెక్టర్ నట్ల దగ్గర డీజిల్ చెమర్చగానే ఆపి నట్లు బిగించండి. తర్వాత మళ్లీ. మొదట ఒక సిలిండర్ అందుకుంటుంది, తెల్లటి పొగ ఉబుకుతుంది, బండి అంతా వణుకుతుంది. రెండోది, మూడోది కలిసేసరికి ఆ వణుకు తగ్గి శబ్దం కుదురుతుంది. పాత ఇంజన్ని ప్రేమించేవాళ్లకు ఆ కొన్ని క్షణాల కోసమే ఇదంతా.

ఈథర్ స్ప్రే జోలికి పోవద్దు. స్టార్టింగ్ కోసం హీటర్ ఉన్న ఇంజన్‌లో అది కొడితే పేలే ప్రమాదం ఉంది, లేని ఇంజన్‌లో కూడా రింగుల్ని విరగ్గొట్టగలదు.

స్టార్టయిన 15 సెకన్లలోపు ఆయిలు ప్రెషర్ రాకపోతే ఆపేయండి. వస్తే యాక్సిలరేటర్ తగ్గించి అయిదు నిమిషాలు నడవనిచ్చి చుట్టూ చూడండి. తెల్లటి పొగ వేడెక్కాక పోవాలి. పోకుండా నీటి ఆవిరిలా వస్తూనే ఉంటే రేడియేటర్ నీళ్ల మట్టం చూడండి. నీలం పొగ ఆయిలు మండుతోందని, రింగులు విడివడేదాకా కొంతసేపు అలా వస్తుంది. నల్ల పొగ అంటే గాలి చాలడం లేదు లేదా డీజిల్ ఎక్కువవుతోంది. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయొద్దు. ఇలా కొన్ని గంటలు నడిచాక ఇంజన్ ఆయిలు మళ్లీ మార్చేయండి. లోపల ఇన్నేళ్లుగా పేరుకున్న మడ్డి మొదటి ఆయిల్లోనే కరిగి వస్తుంది.

కదిలే ముందు

ఇంజన్ నడిచిందన్న సంతోషంలో వెంటనే బయటికి తీస్తారు. ఆగండి. ముందు బ్రేకులు చూడాలి. కుడి ఎడమ పెడళ్లు సమంగా పట్టాలి, రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కలిపే కొక్కెం వేసి ఉండాలి. టైర్లు పగుళ్లుబారి ఉంటే గాలి మెల్లగా నింపండి, ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి నింపండి. వెనక టైర్లలో ఉప్పునీళ్లు నింపి ఉంటే రిమ్ములు లోపలినుంచి తినేసి ఉండొచ్చు, వాల్వు చుట్టూ చూడండి.

పాత ట్రాక్టర్లతో జరిగే ప్రాణనష్టంలో బోల్తాలదే పెద్ద పాత్ర. కొత్త ట్రాక్టర్లకు బోల్తా పడితే కాపాడే చట్రం తప్పనిసరి చేసిన తొలి దేశం స్వీడన్, 1959లో. చాలా దేశాల్లో అది ఎంతో ఆలస్యంగా వచ్చింది, అందుకే మీ పాత బండికి చాలావరకు అది ఉండదు. మీ మోడల్‌కి సరిపోయే, పరీక్షించిన చట్రం దొరికితే సీటు బెల్టుతో సహా పెట్టించండి. షెడ్డులో పైపులు వెల్డింగ్ చేసి చేసుకున్నది ఆ బరువుకు నిలవదు. చట్రం పెట్టే వీలు లేకపోతే ఈ బండిని గట్ల మీదికి, వాలు నేలకు, కాలువ అంచులకు తీసుకుపోకూడదని ఇంట్లో ఒక నియమం పెట్టండి.

మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిప్పడం మనలో చాలామందికి తీపి జ్ఞాపకమే. అయినా ఆపేయాలి. ఒక గుంతలో చక్రం దిగితే ఆ పిల్ల పడేది వెనక చక్రం కిందికే. వెనక తగిలించిన పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. వేలాడే బట్ట కొస గానీ జుట్టు గానీ అందితే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. షాఫ్ట్ మీది ప్లాస్టిక్ గొట్టం విరిగిపోయి ఉంటే కొత్తది వేసేదాకా పీటీవో వాడొద్దు.

దానికి ఒక పని ఇవ్వండి

బాగుచేసి మళ్లీ మూలన పెడితే రెండేళ్లలో మొదటికొస్తుంది. వారానికి ఒకసారైనా నిజమైన పని ఉండాలి. ఖాళీగా స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపేయడం మంచిది కాదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపల చెమ్మ చేరుతుంది. పేడ ఎరువు తోలడం, నీళ్ల ట్యాంకు లాగడం, గడ్డి మోపులు ఇంటికి చేర్చడం, తోటలో కలుపు దున్నడం లాంటి తేలిక పనులు దీని పేరు మీద రాసేయండి. పెద్ద బండి బరువుకు నేల గట్టిపడే చోట ఇలాంటి చిన్న బండే మెరుగు.

చిన్నదని తక్కువ చేయొద్దు. 1946 నుంచి 1956 దాకా ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో తయారైన ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్ శక్తి 30 హార్స్‌పవర్ కూడా ఉండదు. అలాంటివి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఎడ్మండ్ హిల్లరీ బృందం వాటికే చక్రాల చుట్టూ పట్టాలు తొడిగి మంచు మీద నడుపుకుంటూ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది. హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన మూడు కొక్కేల హైడ్రాలిక్ లిఫ్టు పద్ధతే ఈనాటి పెద్ద ట్రాక్టర్ల వెనక కూడా ఉంది. మీ షెడ్డులో బండి ఏ కంపెనీదైనా, దాని వెనక ఉన్న ఆ మూడు కొక్కేలు పిల్లలకు చూపించి ఈ సంగతి చెప్పండి.

రంగు గురించి నా మాట వింటే, తొందరపడి కొట్టించకండి. ముందు ఒక సీజన్ పని చేయించండి. ఎక్కడ ఆయిలు కారుతుందో అప్పుడు తెలుస్తుంది. కొత్త రంగు వేస్తే అదంతా దాగిపోతుంది, మళ్లీ విప్పేటప్పుడు రంగు పాడైందని బాధపడాలి. మడ్‌గార్డు మీద ఎప్పుడో వేసిన అతుకు, స్టీరింగ్ చక్రం మీద చేతులు పట్టిన చోట నునుపు దేలిన మచ్చ, అలాంటివి ఉండనివ్వండి. తుప్పు పెరుగుతున్న చోట మాత్రం గీకి ప్రైమర్ కొట్టండి చాలు.

పని లేని నెలలు వచ్చినప్పుడు బండిని సరిగ్గా పడుకోబెట్టాలి. ఆయిలు పాతదైతే మార్చి పెట్టండి, మురికి ఆయిల్లో ఉండే ఆమ్లం బేరింగుల్ని తింటుంది. డీజిల్ ట్యాంకు నిండా పోయండి, ఖాళీ జాగా ఉంటే గోడలకు చెమ్మ పట్టి నీళ్లు చేరతాయి. అన్ని నిపుళ్లకూ గ్రీజు కొట్టండి. పనిముట్టు నేలకు దించేయండి. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టి నెలకోసారి చార్జింగ్ పెట్టండి. పొగగొట్టం మీద డబ్బా బోర్లించండి. క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కి, చెక్క ముక్క అడ్డం పెట్టి ఉంచండి, లేకపోతే ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోతుంది. గడ్డకట్టే చలి ఉన్న ప్రాంతమైతే రేడియేటర్‌లో యాంటీఫ్రీజ్ పోయండి, లేదా రేడియేటర్‌దీ బ్లాక్‌దీ రెండు కుళాయిలూ తెరిచి నీళ్లు పూర్తిగా వదిలేయండి. నీళ్లు వదిలేస్తే "రేడియేటర్‌లో నీళ్లు లేవు, క్లచ్‌కి చెక్క ఉంది, పొగగొట్టానికి డబ్బా ఉంది" అని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్‌కి కట్టండి. వచ్చే సీజన్‌లో దాన్ని స్టార్ట్ చేసేది మీరే కానక్కర్లేదు.